బాప్తిస్మానికి ఒకరిని సిద్ధం చేయడం: రక్షణ గురించి చెప్పాల్సింది, నీళ్లలో చేయాల్సింది

"అయ్యగారూ, నాకు బాప్తిస్మం కావాలి" అని ఒకరు వచ్చి అడిగినప్పుడు ముందు క్యాలెండర్ తీయకండి. "ఎందుకు తీసుకోవాలనుకుంటున్నారు?" అని అడగండి. అడిగాక వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట అందించకుండా వినండి. వాళ్లకు ఏం నేర్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

తరచుగా వినిపించే జవాబులు కొన్ని ఉన్నాయి. "తీసుకుంటే పాపాలు పోతాయి కదా" అనేవాళ్లు నీళ్ల మీద ఆనుకున్నారు. "ఇంట్లో అందరూ తీసుకున్నారు, నేనొక్కడినే మిగిలాను" అనేవాళ్లు కుటుంబం మీద ఆనుకున్నారు. "పెళ్లికి సర్టిఫికెట్ అడిగారు" అన్నవాళ్లను కోప్పడకండి. నిజం చెప్పినందుకు మెచ్చుకుని, సువార్త మొదటినుంచి చెప్పండి, పెళ్లి తేదీకి తొందరపడి మాత్రం నీళ్లలోకి దించకండి. "జబ్బు తగ్గుతుందని" అన్నవాళ్ల కోసం అక్కడికక్కడే ప్రార్థన చేయండి. ఆ తర్వాత, బాప్తిస్మానికి స్వస్థత ఇస్తానన్న వాగ్దానం లేదని మెల్లగా చెప్పండి. చెప్పకుండా ముంచి పంపితే, జబ్బు తగ్గని రోజున వాళ్లు వదిలేసేది మందుల్ని కాదు, ప్రభువుని.

"నేను పాపిని, యేసు నాకోసం చనిపోయి లేచాడు, ఆయన్ని నమ్ముకున్నాను, ఆయన చెప్పాడు కాబట్టి తీసుకోవాలి" అన్న అర్థం వచ్చేలా, తడబడుతూ అయినా సరే, సొంత మాటల్లో చెప్పినవాళ్లను ఆపకండి. మాటలు సొగసుగా లేవని వెనక్కి పంపే హక్కు మనకు లేదు.

రక్షణలో బాప్తిస్మం చోటు: ఎలా చెప్పాలి

"బాప్తిస్మం లేకపోతే రక్షణ లేదా?" అన్న ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పి ముగిస్తే, ఏదో ఒక వాక్యాన్ని దాచిపెట్టినట్టే. అందుకని రెండు రకాల వచనాలనూ వాళ్ల చేతే పైకి చదివించండి.

మొదటి రకం: మార్కు 16:16, అపొస్తలుల కార్యములు 2:38, 22:16, రోమా 6:3-4, గలతీ 3:27, 1 పేతురు 3:21. ఇక్కడ బాప్తిస్మం రక్షణకు, పాపక్షమాపణకు, క్రీస్తుతో కలిసి పాతిపెట్టబడటానికి ఎంత దగ్గరగా ఉందంటే, దాన్ని ఒట్టి ఆచారం అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

రెండో రకం: యోహాను 3:16, రోమా 10:9, ఎఫెసీ 2:8-9, లూకా 23:43, 1 కొరింథీ 1:14-17. ఇక్కడ రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా. పౌలు కొరింథులో తాను క్రిస్పుకూ గాయియుకూ స్తెఫను ఇంటివాళ్లకూ తప్ప ఇంకెవరికైనా బాప్తిస్మమిచ్చానో లేదో గుర్తులేదంటాడు, క్రీస్తు తనను పంపింది సువార్త ప్రకటించడానికేనంటాడు. నీళ్లే రక్షించేవైతే అపొస్తలుడు ఆ మాట అంత తేలిగ్గా అనగలిగేవాడు కాదు.

చదివించాక నలుగురు మనుషుల్ని వాళ్ల ముందు నిలబెట్టండి. సిద్ధాంతం గుర్తుండనివాళ్లకు కూడా మనుషులు గుర్తుంటారు.

సిలువ మీది దొంగ నీళ్లు ముట్టకుండానే ఆ రోజే పరదైసుకు వెళ్లాడు. సమరయలోని గారడీవాడు సీమోను నమ్మానని బాప్తిస్మం తీసుకున్నాడు, అయినా పేతురు అతని హృదయం దేవుని ఎదుట సరిగా లేదన్నాడు (అపొ. కా. 8:13, 21). ఒకడు నీళ్లు లేకుండా రక్షణ పొందాడు, ఇంకొకడు నీళ్లలోంచి వచ్చి కూడా దుర్మార్గపు బంధకంలోనే ఉన్నాడు. మూడోవాడు రోమా శతాధిపతి కొర్నేలీ. అతని ఇంట్లో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. "ఆత్మే వచ్చాక ఇంక నీళ్లెందుకు" అని పేతురు అనలేదు. ఆత్మను పొందారు కాబట్టే నీళ్లను ఎవరూ ఆపలేరన్నాడు, బాప్తిస్మం పొందమని ఆజ్ఞాపించాడు (10:47-48). ఈ భాగం దగ్గర తొందరపడకండి. బాప్తిస్మం రక్షణను కొనిపెట్టదనీ, రక్షణ పొందినవాడు దాన్ని పక్కన పెట్టకూడదనీ రెండూ ఇక్కడే కనిపిస్తాయి. నాలుగోవాడు, ఫిలిప్పు రథంలో సువార్త చెప్పిన ఐతియొపీయుడు. దారిలో నీళ్లు కనబడగానే "నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని తనే అడిగాడు. అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు.

వచనాలు వివరించేటప్పుడు జారిపడే చోట్లు మూడున్నాయి. మార్కు 16:16 రెండో సగంలో శిక్ష "నమ్మని వానికి" అని ఉంది, బాప్తిస్మం పొందనివానికి అని లేదు. అది చూపించండి. అయితే మార్కు 16:9-20 సైనాయ్, వాటికన్ అనే పేర్లున్న అతి పాత చేతిరాత ప్రతుల్లో లేదు కాబట్టి మొత్తం వాదన ఆ ఒక్క వచనం మీద కట్టకండి. అపొ. కా. 2:38లో "పాపక్షమాపణ నిమిత్తము" అన్నచోట గ్రీకులో "ఎయిస్" అన్న మాట ఉంది. అది "పొందడానికి" అని కొందరు, "పొందినందున" అని కొందరు శతాబ్దాలుగా వాదిస్తున్నారు. తరగతిలో ఆ వాదం మొదలుపెడితే అభ్యర్థి మారుమనస్సు సంగతి మరిచిపోయి వ్యాకరణం పట్టుకుంటాడు. ఆ వచనంలో మొదటి ఆజ్ఞ మారుమనస్సు పొందమని, అక్కడ ఆగండి. ఇక 1 పేతురు 3:21 "బాప్తిస్మము రక్షించుచున్నది" అంటూనే అది ఒంటి మురికి వదిలించుకోవడం కాదని, నిర్మలమైన మనస్సాక్షితో దేవునికిచ్చే ప్రత్యుత్తరమని, అదంతా యేసుక్రీస్తు పునరుత్థానం వల్లనని తనే విప్పి చెబుతుంది. వచనాన్ని సగంలో ఆపి చదివేవాళ్లే రెండు వైపులా పొరపాటు చేస్తారు.

ఈ మార్గదర్శిలో మేము పట్టుకున్నది ఇది: రక్షించేది క్రీస్తు, అందుకునేది విశ్వాసం, ఆ విశ్వాసం బయటికి వచ్చి అందరి ముందూ నిలబడే మొదటి విధేయత బాప్తిస్మం. వెళ్లే అవకాశం లేక ఆగిపోయినవాణ్ని దేవుడు తోసేయడు. అవకాశం ఉండి, తెలిసి, ఏళ్ల తరబడి వాయిదా వేసేవాణ్ని మాత్రం "పరవాలేదు" అని జోకొట్టకూడదు. ఏది అడ్డొస్తోందో కూర్చోబెట్టి అడగాలి. చాలాసార్లు అడ్డొచ్చేది సిద్ధాంతం కాదు, ఇంట్లోవాళ్ల భయమో, వదలని ఒక పాపమో అయి ఉంటుంది.

ఇతర సంఘాలు ఏమంటాయో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వెక్కిరించకండి. కతోలిక సంఘం జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వాళ్లు వాడే మాట) రక్షణకు అవసరమని బోధిస్తుంది. అయితే దేవుడు రక్షణను ఆ సంస్కారానికి ముడిపెట్టినా తాను మాత్రం దానికి బందీ కాడని దాని 1992 నాటి బోధల పుస్తకం సత్యోపదేశంలోనే ఉంది. జ్ఞానస్నానం కోరుకుంటూ పొందకముందే చనిపోయినవాళ్లకూ, విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లకూ అందులో చోటుంది. లూథరన్ల 1530 నాటి విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు తొమ్మిదో అంశం బాప్తిస్మం అవసరమంటుంది, పసిపిల్లలకూ ఇవ్వాలంటుంది. ప్రెస్బిటేరియన్లు పట్టుకున్న 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలు దాన్ని నిర్లక్ష్యం చేయడం మహాపాపమంటూనే, అది లేకుండా ఎవరూ రక్షణ పొందలేరన్నంతగా కృప దానికి అంటుకుని లేదంటుంది. బాప్తిస్టులు విశ్వసించినవాళ్లకే ముంచి ఇస్తారు. "చర్చ్ ఆఫ్ క్రైస్ట్" అనే పేరున్న సంఘాలవారు పాపక్షమాపణ ఆ నీళ్లలోనే దొరుకుతుందని నేర్పుతారు. క్వేకర్లు, రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) వారు నీటి బాప్తిస్మమే ఇవ్వరు. ఇన్ని తేడాలు ఎందుకని అభ్యర్థి అడిగితే అడగనివ్వండి. బయట ఎవరో అడిగినప్పుడు తెల్లబోవడం కంటే ఇక్కడ వినడం మంచిది.

ఎన్ని రోజులు, ఏ ప్రశ్నలు

ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే బాప్తిస్మం పొందాడు కదా, మనకు వారాలెందుకు అని కొందరంటారు. ఆ రాత్రి కూడా పౌలు, సీలలు ముందు అతనికీ ఇంటివాళ్లందరికీ వాక్యం బోధించారు, తర్వాతే నీళ్లు (అపొ. కా. 16:32-33). వారం వారం గంట చొప్పున నాలుగు కూడికలు సరిపోతాయి: పాపం, మారుమనస్సు; క్రీస్తు మరణం, పునరుత్థానం; బాప్తిస్మం అర్థం; ఆ తర్వాతి సంఘ జీవితం. ఏడాది పొడవునా సాగదీస్తే అది అర్హత పరీక్షలా తయారవుతుంది, కృప అన్న మాటకు అర్థం పోతుంది.

చివరి కూడికలో ఇద్దరు పెద్దలు అభ్యర్థితో విడిగా కూర్చోవాలి. అభ్యర్థి స్త్రీ అయితే ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. అవుననో కాదనో జవాబు వచ్చే ప్రశ్నలు వేయకండి. "యేసును నమ్ముతున్నావా?" అంటే ఎవరైనా తలూపుతారు. ఇలా అడగండి:

ఈ రాత్రి, బాప్తిస్మానికి ముందే, మీరు చనిపోతే దేవుని దగ్గర ఏం చెబుతారు?
క్రీస్తు చనిపోవడానికీ మీకూ సంబంధం ఏమిటి?
ఏ విషయంలో మీ నడక మారింది, ఏ విషయంలో ఇంకా పోరాడుతున్నారు?
ఇంట్లో ఎవరైనా కాదంటే ఏం చేస్తారు?
రేపు ఈ సంఘంలో ఎవరైనా మీ మనసు నొప్పిస్తే ఏం చేస్తారు?

మొదటి ప్రశ్నకు "అయ్యో, అయితే బాప్తిస్మం తొందరగా ఇచ్చేయండి" అని కంగారుపడితే మూడో కూడిక మళ్లీ చేయాలి. "యేసు రక్తం ఉందిగా, వెళ్తాను" అంటే తేదీ పెట్టవచ్చు.

పిల్లల విషయంలో తల్లిదండ్రులను గది బయట కూర్చోబెట్టి మాట్లాడండి. అమ్మ ముఖం చూసి జవాబు చెప్పే పిల్లవాడు ఇంకా తన జవాబు చెప్పలేదు. ఆగమన్నప్పుడు మాత్రం "నువ్వు రక్షణ పొందలేదు" అనకండి. "ఇంకొంచెం నేర్చుకుందాం" అనండి, వచ్చే కూడిక తేదీ అక్కడే చెప్పండి.

పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లు మళ్లీ కావాలని వస్తారు. కతోలికులు, ఆర్థడాక్సులు, లూథరన్లు దీన్ని తప్పంటారు. "పాపక్షమాపణకు ఒక్కటే బాప్తిస్మం" అన్నది 381 నాటి విశ్వాస ప్రమాణంలోని మాట. విశ్వాసుల బాప్తిస్మం ఇచ్చే సంఘాలు దీన్ని రెండోది అనుకోవు. ఎఫెసులో యోహాను బాప్తిస్మం పొందిన ఇంచుమించు పన్నెండుమంది, పౌలు మాట విన్నాక ప్రభువైన యేసు నామంలో బాప్తిస్మం పొందిన సంగతి చూపిస్తాయి (అపొ. కా. 19:1-7). మీ సంఘం ఏది నమ్మినా, వాళ్ల అమ్మానాన్నలు ప్రార్థనతో చేసినదాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. ఆ గాయం చాలాకాలం మానదు.

నీళ్లు, తొట్టి

నిలబడిన పెద్దమనిషి నడుం దాటి నీళ్లుండాలి, మూడు నుంచి మూడున్నర అడుగులు. రెండడుగుల నీళ్లలో ముంచబోతే మోచేతులు, మోకాళ్లు పైన ఉండిపోతాయి, ఇచ్చేవాడు కిందికి నొక్కాల్సి వస్తుంది, అభ్యర్థి భయపడతాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు తొట్టికి దాదాపు 2,380 లీటర్లు పడతాయి. నిమిషానికి 20 లీటర్లు వచ్చే పైపుతో నింపడానికి రెండు గంటలు. ఆ నీళ్ల బరువే దాదాపు రెండు టన్నుల నాలుగు వందల కిలోలు, కాబట్టి పై అంతస్తులోనో చెక్క వేదిక మీదో తొట్టి పెట్టేముందు ఇంజనీరుకు చూపించాలి.

చలికాలంలో అంత నీటిని 10 డిగ్రీలు వేడెక్కించాలంటే రెండు కిలోవాట్ల హీటరుకు పద్నాలుగు గంటలు పడుతుంది. ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టాలి. ఎవరైనా నీళ్లలో కాలు పెట్టేముందు హీటరు ఆపి, ప్లగ్గు తీసి, తొట్టిలోంచి బయటికి తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. వైరు ఉన్న మైకును నీళ్లలో నిలబడినవాళ్లకు ఎప్పుడూ ఇవ్వకండి. సాక్ష్యాలు గట్టుమీదే చెప్పించండి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే మనిషి తెలియకుండానే గబుక్కున ఊపిరి పీలుస్తాడు. అది నీటి అడుగున జరిగితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే దిగగానే ముంచకుండా, ముఖం మీదా ఛాతీ మీదా కాసిని నీళ్లు చల్లుకోనివ్వండి.

నది అయితే ముందురోజు ఒకరు దిగి అడుగున రాళ్లు, గుంటలు, బురద చూడాలి. వానలకు ఎరుపెక్కి పారుతున్న నీటిలో దిగవద్దు, తేదీ మార్చుకోవడం అవిశ్వాసం కాదు. ఈత వచ్చిన ఇద్దరు ప్రవాహం దిగువన నిలబడాలి. అభ్యర్థి తల ఎగువ వైపుకు వాలేలా నిలబెట్టండి. లేపేటప్పుడు ప్రవాహమే వీపు వెనకనుంచి సాయపడుతుంది, ముక్కులోకి నీళ్లు ఎదురు కొట్టవు.

బట్టలు ముదురు రంగువి, మందంగా, ఒంటికి మరీ వదులుగా లేకుండా ఉండాలి. పలచటి తెల్ల బట్టలు తడిస్తే ఒంటికి అతుక్కుని లోపలిది కనబడుతుంది. ఆ రోజంతా ఆ మనిషికి సిగ్గే గుర్తుంటుంది. వదులు గౌను నీళ్లలో బెలూనులా తేలుతుంది, అంచులో చిన్న బరువులు కుట్టాలి. గట్టు పక్కనే పెద్ద తువ్వాలుతో ఒకరు సిద్ధంగా ఉండాలి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, ఫోను, గొలుసులు తీయించండి. మూర్ఛ, గుండెజబ్బు, ఉబ్బసం, గర్భం, మానని పుండు ఉన్నాయేమో ముందే ఏకాంతంగా అడగండి.

ముంచడం

ఇచ్చేవాడు అభ్యర్థి పక్కన, వాళ్ల ఎడమ వైపు నిలబడతాడు. అభ్యర్థి రెండు చేతులూ ఛాతీ దగ్గర చేర్చి, ఒక చేత్తో ముక్కు పట్టుకుంటాడు, రెండో చేత్తో ఆ మణికట్టును పట్టుకుంటాడు. ఇచ్చేవాడి ఎడమ చెయ్యి ఆ రెండు మణికట్లనూ కలిపి పట్టుకుంటుంది, కుడి చెయ్యి మెడకు కొంచెం కింద, రెండు భుజాల మధ్య వీపున ఆనుతుంది. ఇది గట్టుమీదే, పొడి బట్టలతో, రెండుసార్లు అభ్యాసం చేయించండి.

ముందు విశ్వాసాన్ని అడగాలి, జవాబు గట్టిగా వినిపించాలి. తర్వాత సూత్రం: "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను." ఇది మత్తయి 28:19 ఇచ్చిన మాట. మాటల్ని సొంతంగా మార్చకండి. "ఇచ్చుచున్నాను" అనాల్సిన చోట "ఇచ్చుచున్నాము" అని పలికిన బాప్తిస్మాలు చెల్లవని వాటికన్ 2020లో తేల్చింది, అలా పొందినవాళ్లు మళ్లీ పొందాల్సి వచ్చింది. మీరు ఏ సంఘమైనా, తర్వాత సందేహం మిగలని రీతిలో పలకడం ఆ మనిషి పట్ల మర్యాద.

మాట పూర్తయ్యాక "మోకాళ్లు వంచండి" అని చెవిలో చెప్పండి. ఇది మరిచిపోతే అభ్యర్థి కర్రలా బిగుసుకుని వెనక్కి పడతాడు, పాదాలు పైకి లేస్తాయి, మీ నడుం పట్టేస్తుంది. కుర్చీలో వెనక్కి వాలినట్టు వాలితే నీళ్లే బరువు మోస్తాయి. ముఖం పూర్తిగా మునిగిందో లేదో చూసి, ఒకటి రెండు సెకన్లలో లేపండి. లేపేటప్పుడు బలమంతా వీపు కిందున్న చేతిది. మణికట్లు పట్టి లాగితే భుజం పట్టేస్తుంది. నుదురో, చెయ్యో మునగలేదని మళ్లీ ముంచాలా అని అడుగుతారు. మొత్తం మునగాలని పట్టుబట్టే సంఘమైతే అప్పుడే, ప్రశాంతంగా, ఇంకోసారి ముంచండి. ఇంటికి పంపాక పిలిచి చెబితే అది మనసులో ముల్లులా ఉండిపోతుంది.

తమకంటే బాగా బరువైనవాళ్లకు ఇచ్చేటప్పుడు రెండోవాడు అటుపక్కన నిలబడాలి. నీళ్లంటే బాగా భయపడేవాళ్లను మోకాళ్లమీద కూర్చోబెట్టి ముందుకు వంచి ముంచవచ్చు.

మంచం పట్టినవాళ్ల సంగతి వేరు. కీళ్లు కదలని మనిషిని మోసుకెళ్లి చెరువులో ముంచడం విశ్వాసం కాదు, ప్రమాదం. మొదటి శతాబ్దం చివరిదనో రెండో శతాబ్దం మొదటిదనో పండితులు చెప్పే తొలి క్రైస్తవుల బోధ పుస్తకం డిడకే ఏడో అధ్యాయమే పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లు, చల్లటివి కుదరకపోతే వెచ్చటివి, అవీ చాలినన్ని లేకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. అలా పోసేటప్పుడు నీళ్లు జుట్టు మీద ఆగిపోకుండా నుదుటి చర్మం మీద పారాలి. ప్రాణాపాయంలో పాస్టరు రాలేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చని కతోలిక ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. నీళ్లు, సరైన మాటలు, సంఘం ఉద్దేశించినదే చేయాలన్న మనసు ఉంటే చాలు. ముంచడం తప్ప వేరే రీతి ఒప్పుకోని సంఘాలవారు ఆ మంచం పక్కన కూర్చుని లూకా 23:43 చదవాలి. చావుకు దగ్గరైన మనిషికి నీళ్లు అందలేదన్న భయాన్ని ఇచ్చి వదలకూడదు.

ఆ తర్వాత

రిజిస్టరులో అదే రోజు రాయండి: పూర్తి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, స్థలం, ఇచ్చినవారి పేరు, ఇద్దరు సాక్షుల సంతకాలు. సర్టిఫికెట్ పోవచ్చు, రిజిస్టరు ఉంటే మళ్లీ ఇవ్వవచ్చు. తొట్టి నీళ్లు అదే పూట వదిలేయండి. నిండిన తొట్టి దగ్గర పిల్లలు ఒంటరిగా ఉండకూడదు.

చాలామంది జారిపోయేది మొదటి నెలల్లోనే. బాప్తిస్మం రోజున దండలు, ఫొటోలు, పాటలు, పై ఆదివారం పలకరించేవాళ్లే ఉండరు. అందుకే తేదీ పెట్టినప్పుడే ఒక పెద్దను పేరుపెట్టి అప్పగించండి. ఆ పెద్ద వారానికోసారి వాళ్లింటికి వెళ్లాలి, తర్వాతి ప్రభువు బల్ల దగ్గర పక్కన కూర్చోవాలి.

కొన్నాళ్లకు వాళ్లలో ఒకరు తల వంచుకుని వస్తారు: "అయ్యగారూ, నేను మళ్లీ పడిపోయాను, ఆ రోజు బాప్తిస్మం పనిచేయలేదేమో, ఇంకోసారి ఇవ్వండి." ఇవ్వకండి. ముందు విశ్వాసం లేకుండానే నీళ్లలో దిగారా అన్నది నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. అలా కాదు, నమ్మే దిగారు, ఇప్పుడు పడ్డారు అంటే, 1 యోహాను 1:9 వాళ్ల చేతే చదివించండి. స్నానం చేసినవాడు పాదాలు కడుక్కుంటే చాలని యేసు పేతురుతో అన్న మాట యోహాను 13:10లో చూపించండి. పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోనివ్వండి, వాళ్లతో కలిసి ప్రార్థన చేయండి. ఆ మరుసటి రోజు మీరే ముందుగా ఫోను చేయండి.